డబ్బు ఎటు నడుస్తోంది? చిన్న వ్యాపారులపై చెల్లింపు మోసాలు: చర్చ ఎక్కడిదాకా వచ్చింది

ఇంట్లో వీణ నేర్పే టీచరుకూ, పదో తరగతికి లెక్కలు చెప్పే మాస్టారికీ, పెళ్లిళ్లకు వంటలు ఒప్పుకునే కేటరింగ్ మనిషికీ, సందు చివర పూలకొట్టుకూ ఒక పోలిక ఉంది. ముక్కూమొహం తెలియని మనిషి ఫోను చేయడంతోనే వీళ్ల బేరం మొదలవుతుంది. అనుమానపడి ఫోను పెట్టేస్తే బేరం పోతుంది. అనుమానపడకుండా చెప్పినట్టల్లా చేస్తే ఖాతా ఖాళీ కావచ్చు. పెద్ద సంస్థలో పని చేసేవాళ్లు ఒకరు, డబ్బు లెక్క చూసేవాళ్లు మరొకరు. ఇక్కడ బేరమాడేదీ, పని చేసేదీ, ఫీజు తీసుకునేదీ, రశీదు రాసేదీ ఒక్కరే. ఫోనులో మాట్లాడుతూనే డబ్బు సంగతీ చూడాలి. మోసగాడికి కావలసింది సరిగ్గా ఈ పరిస్థితే.

కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 2024లో దేశంలో సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఏడాది అది 7,465 కోట్లు. అంకె అంత పెరిగేసరికి చర్చంతా ‘డిజిటల్ అరెస్టు’ల చుట్టూ, కోట్లు మింగిన పెట్టుబడి యాప్‌ల చుట్టూ తిరుగుతోంది. ఎనిమిది వేలు పోగొట్టుకున్న ట్యూషన్ మాస్టారు వెనక బెంచీకి పోయాడు. ఆ ఎనిమిది వేలు అతని నెల అద్దె కావచ్చు.

చిన్న వ్యాపారుల విషయంలో చర్చ చిక్కుపడింది కూడా. మోసాన్ని గుర్తుపట్టడం మనిషి నేర్చుకోవాలని ఒక పక్షం అంటుంది. మనిషిని వదిలేసి చెల్లింపు వ్యవస్థను మార్చాలని ఇంకో పక్షం. నష్టం బ్యాంకు భరిస్తే గానీ ఏదీ మారదని మూడో పక్షం. డబ్బు చేరే చివరి ఖాతాను పట్టుకోవాలని నాలుగో పక్షం. నాలుగింటిలోనూ నిజం ఉంది. అయితే ఒకటి వేసిన ముడిని ఇంకొకటి బిగిస్తున్న చోట్లూ ఉన్నాయి.

పాత ఉత్తరం, కొత్త సందు

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్, అమెరికా వర్తకులకు ఉత్తరాలు వచ్చేవి. స్పెయిన్‌లో ఒక ధనికుడు జైల్లో మగ్గుతున్నాడు, విడిపించడానికి కొంత సొమ్ము పంపితే తన నిధిలో వాటా ఇస్తాడు అని వాటి సారం. ‘స్పానిష్ ఖైదీ’ అని పేరుపడ్డ ఆ ఉత్తరమే తర్వాతి కాలంలో నైజీరియా ఉత్తరంగా మారింది. ఆ దేశపు శిక్షాస్మృతిలోని సెక్షన్ అంకెతో దానికి ‘419’ అనే పేరు స్థిరపడింది. రెండింటిలోనూ ఎర ఆశే.

చిన్న వ్యాపారి మీదికి వచ్చిన మోసం ఇక్కడే దారి మార్చుకుంది. వీణ టీచరుకు ఎవరూ నిధి చూపించరు. ఆమె రోజూ చేసే పనికి, రోజూ తీసుకునే ఫీజే ఇస్తామంటారు. అమెరికాలో సంగీతం, యోగా, భాషలు, లెక్కలు ఇంట్లో నేర్పేవాళ్లకు ఏళ్ల తరబడి వస్తున్న ఈమెయిల్ ఒక అచ్చులో పోసినట్టుంటుంది. ‘మా అమ్మాయి సెలవులకు మీ ఊరు వస్తోంది, నెల రోజులు వారానికి మూడు క్లాసులు చెప్పండి, ఫీజంతా ముందే చెక్కు పంపుతాను’ అంటాడు ఒక తండ్రి. చెక్కు వస్తుంది, ఫీజుకంటే ఎక్కువ మొత్తానికి. ‘మిగిలింది అమ్మాయిని మీ ఇంటికి తీసుకొచ్చే డ్రైవరుకు పంపండి’ అంటాడు. బ్యాంకులో వేస్తే డబ్బు కనిపిస్తుంది. టీచరు మిగిలింది పంపుతుంది. రోజులో వారాలో గడిచాక చెక్కు దొంగదని తేలుతుంది, బ్యాంకు ఆ మొత్తాన్ని టీచరు ఖాతాలోంచి వెనక్కి తీసుకుంటుంది. అక్కడి శివారు కాలనీల్లో ఇంటి బేస్‌మెంట్‌లో కూచిపూడి, కర్ణాటక సంగీతం నేర్పే మన తెలుగువాళ్లూ సరిగ్గా ఈ వరసలోనివాళ్లే. ఒంటరిగా పనిచేస్తారు, పేరూ ఫోను నంబరూ అందరికీ కనిపించేలా పెట్టుకుంటారు, కొత్త శిష్యుల కోసం చూస్తుంటారు.

ఈ మోసం అక్కడే ఎందుకు పుట్టిందన్నది గమనించాలి. చెక్కు పడ్డాక ఖాతాదారును రోజుల తరబడి ఆపకూడదని అమెరికా 1987లో చట్టం చేసింది. అందువల్ల చెక్కు అసలుదో కాదో తేలకముందే డబ్బు వాడుకోవడానికి వీలవుతుంది. ‘ఖాతాలో కనిపించడానికీ’ ‘నిజంగా చేరడానికీ’ మధ్య ఉన్న ఆ కొద్ది రోజుల సందే మోసగాడి నివాసం. మన దగ్గర చెక్కు సొమ్ము క్లియరింగ్ అయ్యాకే ఖాతాలో పడుతుంది కనుక ఆ ఎత్తు ఇక్కడ పెద్దగా పారలేదు.

మన సందు వేరే చోట ఉంది. 2016 ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ యూపీఐని మొదలుపెట్టింది. ఆ ఏడాది నవంబరులో నోట్ల రద్దు దాన్ని బడ్డీకొట్టు దాకా తోసింది. యూపీఐలో డబ్బు క్షణాల్లో చేరుతుంది, చేరాక పంపినవాడు తనంతట తాను వెనక్కి లాక్కోలేడు. కాలంలో సందు లేదు. సందు ఫోను తెరకూ బ్యాంకు ఖాతాకూ మధ్య ఉంది. తెర మీద కనిపించేదాన్ని ఖాతాలో ఉన్నదిగా నమ్మించగలిగితే చాలు. డబ్బు ఇవ్వడానికి వాడే మీటనే డబ్బు పుచ్చుకోవడానికి వాడేదిగా నమ్మించగలిగితే ఇంకా మేలు. ఇక్కడి మోసాల్లో ఎక్కువ భాగం ఈ రెండు అబద్ధాల చుట్టూ అల్లినవే.

మన దగ్గర పట్టిన రూపాలు

అన్నింటిలోకీ గట్టిగా వేళ్లూనుకున్నది ‘ఆర్మీ ఆఫీసర్’ ఫోను. ‘క్యాంపులో మా పిల్లలకు ట్యూషన్ కావాలి’, ‘పాతికమందికి భోజనం పంపండి’, ‘జవాన్లకు దంత పరీక్షలు చేయాలి’ అంటూ మొదలవుతుంది. హిందీలో, మర్యాదగా మాట్లాడతాడు. యూనిఫాంలో ఫొటో, ఆధార్, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో పంపుతాడు. సికింద్రాబాద్‌లో కంటోన్మెంటు, విశాఖలో నౌకాదళం ఉండటంతో మనవాళ్లకు ఆ కథ అసంభవంగా అనిపించదు. అతను ఫీజు గురించి బేరమాడడు. అబ్బాయి ఏ తరగతో, ఏ సిలబసో అడిగితే జవాబు తడబడుతుంది. మూడు నెలల ఫీజు ముందే ఇస్తానంటాడు. ఆ తర్వాత అసలు మాట వస్తుంది: ‘సైన్యం పద్ధతి వేరు, ముందు మీరు ఒక్క రూపాయి పంపండి, రెండు రూపాయలు తిరిగొస్తాయి.’ పంపితే నిజంగానే రెండు వస్తాయి. ఆ రెండు రూపాయలే మోసానికి పెట్టుబడి. తర్వాత పది వేలు పంపమంటాడు, ఇరవై వేలు పంపమంటాడు, లేదా ఒక క్యూఆర్ పంపి ‘స్కాన్ చేస్తే మీకు పడతాయి’ అంటాడు. పిన్ కొట్టిన క్షణాన డబ్బు అవతలికి పోతుంది. ‘పొరపాటున పోయింది, ఇంకోసారి చేస్తే మొత్తం తిరిగొస్తుంది’ అంటాడు. పోయిన సొమ్ము రాబట్టుకోవాలన్న ఆరాటంలో రెండో దెబ్బ, మూడో దెబ్బ తగిలేది ఇక్కడే.

రెండో రూపం ‘ఎక్కువ పంపేశాను’ అన్నది. ‘రెండు వేలకు బదులు ఇరవై వేలు కొట్టాను, మిగిలింది పంపండి, ఆస్పత్రిలో ఉన్నాం’ అని గాభరాగా ఫోను. అదే నిమిషంలో ‘మీ ఖాతాలో 20,000 జమ’ అని మెసేజ్. ఆ మెసేజ్ బ్యాంకు పేరుతో రాదు, మామూలు పది అంకెల నంబరు నుంచి వస్తుంది. అమెరికా టీచరుకు వచ్చిన దొంగ చెక్కుకు ఇది తెలుగు నేల మీది తోబుట్టువు. చెక్కు బదులు మెసేజ్, డ్రైవరు బదులు ఆస్పత్రి. రెండింటిలోనూ మోసగాడు వాడుకునేది అవతలి మనిషి నిజాయితీని. పరాయి సొమ్ము తన దగ్గర ఒక్క గంట కూడా ఉండకూడదనుకునే మనిషే ఇందులో ముందు పడిపోతాడు. ‘ఆశకు పోయి మోసపోయారు’ అని ఇలాంటివాళ్లను ఈసడించేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

మూడోది కొట్టు దగ్గర జరిగేది. డబ్బు కట్టినట్టు చూపే దొంగ యాప్‌లో పచ్చని టిక్కు చూపించి సరుకు పట్టుకుపోతారు. రద్దీ వేళల్లో, పెద్ద వయసువాళ్లు గల్లాపెట్టె దగ్గర ఉన్నప్పుడు వస్తారు. తోపుడుబండి మీద అంటించిన క్యూఆర్ పైన ఇంకో క్యూఆర్ అంటించి పోవడం దీనికి దగ్గరి చుట్టం. డబ్బు పడగానే పైకి చదివి వినిపించే సౌండ్‌బాక్స్ దీనికి వచ్చిన మంచి విరుగుడు. అది గొప్ప సాంకేతికత అయినందువల్ల కాదు, కొనుగోలుదారు ఫోను మీద ఆధారపడని రెండో సాక్షి అయినందువల్ల. దానికీ తూట్లు పడ్డాయి. ‘కంపెనీ నుంచి వచ్చాం, మీ బాక్స్ అప్‌డేట్ చేయాలి’ అంటూ ఫోను చేతికి తీసుకుని సొమ్ము బదిలీ చేసుకుపోయేవాళ్లు బయల్దేరారు. ఇంట్లో పాఠం చెప్పే టీచరుకైతే సౌండ్‌బాక్సే ఉండదు. ఆమె ఫీజు వచ్చేది సొంత నంబరుకే.

నాలుగోది కొంచెం పెద్ద వ్యాపారాలది. సరుకు పంపే సంస్థ ఈమెయిల్లోకి దూరి, లేదా అలాంటిదే ఇంకో చిరునామా సృష్టించి, ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని ఇన్‌వాయిస్ పంపుతారు. గుంటూరు మిర్చి ఎగుమతిదారుకైనా భీమవరం రొయ్యల వ్యాపారికైనా ఒక్క కన్‌సైన్‌మెంటు డబ్బు దారి తప్పితే ఏడాది లాభం పోయినట్టే. అమెరికా ఎఫ్‌బీఐకి 2024లో అందిన ఫిర్యాదుల ప్రకారం ఈ ఒక్క రకం మోసంలో పోయింది దాదాపు 277 కోట్ల డాలర్లు.

ఐదోదాన్ని చాలామంది మోసాల జాబితాలోనే చేర్చరు. వచ్చిన డబ్బు నిజమే, కానీ అది ఇంకెవరి దగ్గరో కొట్టేసింది. దాని సంగతి తర్వాత చూద్దాం.

గుర్తుపట్టడం నేర్పగలమా?

మొదటి పక్షం వాదన సూటిగా ఉంటుంది. మోసానికి లక్షణాలున్నాయి, అవి తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడు. ఆర్‌బీఐ ప్రచారం, పోలీసుల పోస్టర్లు, బ్యాంకుల మెసేజ్‌లు అన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. ఈ పక్షానికి ఒక గట్టి పునాది కూడా ఉంది. కేంబ్రిడ్జ్ పరిశోధకుడు ఫ్రాంక్ స్టజానో, మోసాల ఎత్తులను టీవీలో చేసి చూపించిన పాల్ విల్సన్ కలిసి మోసపోవడం వెనకున్న ఏడు సూత్రాలను విడదీసి చెప్పారు. దృష్టి మళ్లించడం, అధికారానికి తలవంచే అలవాటు, తొందరపెట్టడం వాటిలో ఉన్నాయి. ఆర్మీ ఫోనులో ఈ మూడూ ఒకేసారి కనిపిస్తాయి.

ఎదురు వాదన మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ నుంచి వచ్చింది. నైజీరియా మోసగాడు తనది నైజీరియా అని ఎందుకు చెప్పుకుంటాడని 2012లో ఆయన అడిగాడు. అనుమానించేవాళ్లు మొదట్లోనే తప్పుకోవడానికే అన్నది ఆయన జవాబు. నమ్మశక్యం కాని కథ ఒక జల్లెడ. మిగిలినవాళ్ల మీదే మోసగాడు తన శ్రమ పెడతాడు. ఈ మాట నిజమైతే, పోస్టరు చూసి మోసాన్ని గుర్తుపట్టేవాళ్లు మోసగాడు ముందే వదిలేసుకున్న మనుషులు. అంతకు మూడేళ్ల ముందే హెర్లీ ఇంకో మాట అన్నాడు: అందరూ పాటించాల్సిన జాగ్రత్తల వల్ల అందరికీ పోయే సమయం, కొందరికి తప్పే నష్టంకంటే ఎక్కువ కావచ్చు. అందుకే జనం జాగ్రత్తలు పట్టించుకోకపోవడం తెలివితక్కువతనం కాదని ఆయన తేల్చాడు.

ఈ రెండో వాదన చిన్న వ్యాపారికి మరీ వర్తిస్తుంది. ‘తెలియనివాళ్ల ఫోను నమ్మకండి’ అన్న సలహా ఉద్యోగికి పనికొస్తుంది. తెలియనివాళ్లే అన్నదాతలైన కేటరింగ్ మనిషికి అది కొట్టు మూసుకోమన్నట్టే. హెచ్చరికలే ఒక్కోసారి గందరగోళం తెస్తాయి. 2024 చివర్లో ‘చిన్న మొత్తం జమ చేస్తారు, మీరు బ్యాలెన్స్ చూడటానికి పిన్ కొట్టగానే ఖాతా ఖాళీ అవుతుంది’ అని దేశమంతా ప్రచారం సాగింది. కేవలం యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసినంత మాత్రాన అలా జరగదని ఎన్‌పీసీఐ వివరణ ఇవ్వాల్సివచ్చింది. ఖాతాలో డబ్బు నిజంగా పడిందో లేదో చూసుకోవడమే చిన్న వ్యాపారికున్న అతిముఖ్యమైన రక్ష. ఆ పనే చేయొద్దని భయపెట్టిన ప్రచారం ఇది.

ఈ రెండు వాదనల మధ్య దారి ఉందని నా అభిప్రాయం. మనిషిని చూసి మోసం పట్టడం కష్టం. గొంతు, మర్యాద, ఫొటో, ఆధార్ అన్నీ అరువు తెచ్చుకోవచ్చు. డబ్బు నడకను మాత్రం అరువు తెచ్చుకోలేరు. యూపీఐలో పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ అక్కర్లేదు. మనకు రావలసిన సొమ్ములోంచి ఏ కారణం చెప్పి అయినా మనచేత బయటికి పంపించమన్నారంటే, అది డ్రైవరుకు కానీ, కొరియరుకు కానీ, రిజిస్ట్రేషన్ ఫీజుకు కానీ, బేరం అక్కడికి ఆగాలి. నిజంగా ఎక్కువ పడి ఉంటే, వచ్చిన దారినే వెనక్కి పంపడానికి బ్యాంకు ఉంది. తానే తొందరపడి ఇంకో ఖాతాకు పంపనక్కర్లేదు. ఫోను చేసినవాడు దొంగని నిరూపించాల్సిన పని టీచరుకు లేదు. డబ్బు తన వైపు నడుస్తోందా, అవతలి వైపా అన్నది చూసుకుంటే చాలు. అతను నిజమైన సైనికుడే అయినా ఈ నియమం వల్ల అతనికి పోయేదేమీ లేదు. ఈ మాటను పోస్టర్లు ఇంత సూటిగా చెప్పడం అరుదు. అవి మోసగాళ్ల కొత్త వేషాలను వరసగా చెబుతూ పోతాయి, వేషాలేమో మారుతూనే ఉంటాయి.

దారిలో గతుకులు

మనిషికి నేర్పడం కంటే మీటనే తీసేయడం సులువని రెండో పక్షం అంటుంది. దీనికి మంచి రుజువు మన దగ్గరే దొరికింది. యూపీఐలో ‘నాకు డబ్బు పంపు’ అని అడిగే కలెక్ట్ రిక్వెస్టును ‘మీకు డబ్బు వస్తోంది, ఒప్పుకోండి’ అని చూపించి మోసం చేసేవారు. ముందు ఆ మొత్తానికి రెండు వేల రూపాయల హద్దు పెట్టారు. చివరికి 2025 అక్టోబరు 1 నుంచి వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులనే ఎన్‌పీసీఐ ఆపేసింది. ఏళ్ల తరబడి పోస్టర్లు చేయలేని పనిని ఒక్క సర్క్యులర్ చేసింది. అలాగే 2025లోనే యూపీఐ యాప్‌లు డబ్బు చేరబోయే ఖాతాదారు బ్యాంకులో ఉన్న అసలు పేరునే చూపించాలన్న నియమం వచ్చింది. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ చెల్లింపులకు కూడా పేరు సరిచూసుకునే సదుపాయం ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటికి పెట్టాలని ఆర్‌బీఐ బ్యాంకులను ఆదేశించింది. ‘మా ఖాతా మారింది’ అనే ఇన్‌వాయిస్ మోసానికి ఇది నేరుగా తగిలే దెబ్బ.

చిక్కు వచ్చేది ఆలస్యం దగ్గర. కొత్త వ్యక్తికి మొదటిసారి రెండు వేలకు మించి పంపితే నాలుగు గంటలు ఆపాలన్న ఆలోచన ఉన్నట్టు 2023 చివర్లో పత్రికల్లో వచ్చింది. బ్రిటన్ 2024 అక్టోబరులో చట్టం మార్చి, మోసమన్న సహేతుకమైన అనుమానం ఉంటే బ్యాంకు మరో 72 గంటల దాకా చెల్లింపు ఆపొచ్చని చెప్పింది. ఆలస్యం మోసగాడికి విషం. అవతలివాడు తేరుకునేలోపు డబ్బు నాలుగు ఖాతాలు దాటాలన్నదే అతని లెక్క. చిన్న వ్యాపారికి మాత్రం అది రెండు వైపులా పదునున్న కత్తి. డబ్బు పంపేవాడిగా అతనికి ఆలస్యం మేలు చేస్తుంది. పుచ్చుకునేవాడిగా కొట్టుకే చేటు తెస్తుంది. కొత్త గిరాకీ ఇచ్చిన మూడు వేలు నాలుగు గంటల తర్వాత వస్తాయంటే సరుకు ఎలా ఇస్తాడు? అందుకే అందరికీ ఒకే ఆలస్యం కంటే అనుమానం ఉన్నచోటే ఆపే బ్రిటిష్ పద్ధతి చిన్న వ్యాపారికి నయం. ఆ అనుమానం బ్యాంకుకు కలగాలన్నదే షరతు.

నష్టం ఎవరి ఖాతాలో?

మూడో పక్షం అడిగేది ఒకటే: నష్టం మోసపోయినవాడిదే అయినంతకాలం బ్యాంకు ఎందుకు మారుతుంది?

మన దేశంలో దీనికి పునాది 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్. అనుమతి లేని లావాదేవీ బ్యాంకు లోపం వల్ల జరిగితే, ఎప్పుడు చెప్పుకున్నా ఖాతాదారుకు నష్టం లేదు. బయటి చొరబాటు వల్ల జరిగి, మూడు పనిదినాల్లో చెప్పుకున్నా అంతే. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే నష్టానికి ఒక హద్దు ఉంది. చిన్న, సూక్ష్మ సంస్థల కరెంటు ఖాతాలకు ఆ హద్దు పది వేలు. ఖాతాదారు అజాగ్రత్త వల్ల అయితే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా అతనిదే. చర్చంతా ‘అనుమతి’ అన్న మాట మీద ఆగింది. మోసగాడి మాటలు నమ్మి తన పిన్ తానే కొట్టిన టీచరు అనుమతి ఇచ్చినట్టా? ఆచరణలో బ్యాంకులు ఇచ్చినట్టే అంటున్నాయి. మోసగాడి మాట విని ఖాతాదారు ఒక యాప్ దించుకోవడంతో 94 వేలు పోయిన కేసులో, 2025 జనవరిలో సుప్రీంకోర్టు బ్యాంకునే బాధ్యురాలిని చేసింది. ఆ తీర్పు ఆశ కలిగించేదే అయినా అక్కడ డబ్బు ఖాతాదారుకు తెలియకుండా పోయింది. తానే పంపిన కేసులకు దాన్ని ఎంతదూరం లాగవచ్చో తేలాల్సే ఉంది.

బ్రిటన్ ఈ ముడిని తెగ్గొట్టింది. ఖాతాదారు ఆదేశిస్తే బ్యాంకు డబ్బు పంపాల్సిందేనని అక్కడి సుప్రీంకోర్టు 2023 జులైలో చెప్పడంతో, పరిహారం కోర్టుల ద్వారా రావడం కష్టమని తేలింది. 2024 అక్టోబరు 7 నుంచి మాత్రం, మాయమాటలు నమ్మి తానే పంపిన సొమ్మును కూడా 85 వేల పౌండ్ల దాకా తిరిగి ఇవ్వాలన్న నియమం వచ్చింది. పంపిన బ్యాంకు సగం, పుచ్చుకున్న బ్యాంకు సగం భరిస్తాయి. పదిమంది లోపు పనివాళ్లున్న సూక్ష్మ సంస్థలకూ ఇది వర్తిస్తుంది. చిన్న వ్యాపారి దృష్టితో చూస్తే ఇంత ఉదారమైన ఏర్పాటు మరోటి కనిపించదు. జనం అజాగ్రత్త పెరుగుతుందన్న భయం వినిపిస్తూనే ఉంది. పుచ్చుకున్న బ్యాంకుకూ సగం వాటా పెట్టడం నా మటుకు దీనిలోని అసలు తెలివి. దొంగ ఖాతా తెరవనిచ్చిన తప్పుకు ధర కట్టారు.

సింగపూర్ 2024 డిసెంబరులో బ్యాంకులనూ టెలికాం సంస్థలనూ బాధ్యుల్ని చేసింది, కానీ దొంగ వెబ్‌సైట్లలో వివరాలు లాక్కున్న మోసాలకే దాన్ని పరిమితం చేసింది. తానే పంపినవాడికి అక్కడా దిక్కులేదు. ఆస్ట్రేలియా 2025లో చేసిన చట్టం బ్యాంకులు, టెలికాం, సోషల్ మీడియా వేదికలు మూడింటి మీదా బాధ్యత పెట్టేందుకు వీలు కల్పించింది. అమెరికాలో ఇంకో వింత ఉంది. ఎలక్ట్రానిక్ చెల్లింపుల్లో ఖాతాదారుకు రక్షణ ఇచ్చే నిబంధన సొంత అవసరాల ఖాతాలకే వర్తిస్తుంది. లెక్కలు విడిగా ఉండాలని పద్ధతిగా వ్యాపార ఖాతా తెరిచిన డాన్స్ టీచరు ఆ రక్షణ పోగొట్టుకుంటుంది.

ఇన్ని దేశాల నియమాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక లోటు ఎక్కడా పూడలేదు. ఇవన్నీ డబ్బు పంపి మోసపోయినవాడి కోసం. దొంగ స్క్రీన్‌షాట్ నమ్మి సరుకు ఇచ్చేసిన కొట్టువాడు ఏ చెల్లింపూ చేయలేదు. నెలంతా పాఠం చెప్పి, ఫీజు పడిందనుకున్న టీచరూ అంతే. వాళ్లు పోగొట్టుకున్నది సరుకు, శ్రమ. వాటికి ఏ బ్యాంకూ జవాబుదారీ కాదు.

చివరి ఖాతా

నాలుగో పక్షం పోలీసులది. డబ్బు ఎన్ని చేతులు మారినా చివరికి ఒక ఖాతాలోంచే బయటికి పోవాలి. కమీషను కోసం కుర్రాళ్లు అద్దెకిచ్చిన ఖాతాలను పట్టుకుంటే మోసం ఊపిరి ఆగుతుందన్నది వీళ్ల లెక్క. సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం 2021లో వచ్చిన ఏర్పాటు, దాని 1930 నంబరు ఈ ఆలోచన ఫలితమే. ఫిర్యాదు అందిన గంటల్లోనే డబ్బు దారిలో బ్యాంకులు అడ్డం పడతాయి. 2025 మధ్యకల్లా ఇలా ఆపగలిగింది 5,489 కోట్లకు పైనేనని కేంద్రం చెప్పింది. 2023లో ఏర్పడ్డ తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో, ఆపిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పని చేపట్టింది. చిన్న మొత్తం కోసం కోర్టుల చుట్టూ తిరగలేనివాళ్లకు ఇది నిజమైన మేలు.

ఇందులోనే ముందు చెప్పిన ఐదో రూపం పుట్టింది. ఎక్కడో కొట్టేసిన డబ్బుతో దొంగ మీ కొట్టులో సరుకు కొంటాడు. బాధితుడి ఫిర్యాదు ఆ డబ్బు వెంట నడుస్తూ మీ ఖాతాకు చేరుతుంది. ఖాతా మొత్తం ఆగిపోతుంది. 2024లో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఒక చోలే భటూరే అమ్మే చిరువ్యాపారి వచ్చాడు. అతని ఖాతాలో పడ్డ 105 రూపాయలు ఒక సైబర్ మోసానివని ఖాతా అంతా స్తంభించింది. ఆ 105 మాత్రం పక్కన పెట్టి ఖాతా తెరవమని కోర్టు చెప్పింది. అంతకు ముందు 2023లో కేరళ హైకోర్టు కూడా వివాదంలో ఉన్న మొత్తానికే నిలుపుదల పరిమితం కావాలని తేల్చింది. న్యాయం స్పష్టంగానే ఉంది. కానీ 105 రూపాయల కోసం హైకోర్టు దాకా వెళ్లగలిగేది ఎందరు?

ఈ మోసాన్ని గుర్తుపట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ 105 రూపాయలు నిజమైన డబ్బే. దిశ సరైనదే. సౌండ్‌బాక్స్ చెప్పింది నిజమే. మొదటి పక్షం నేర్పిన జాగ్రత్తలన్నీ పాటించిన మనిషి నాలుగో పక్షం వేసిన వలలో చిక్కుతున్నాడు. గుర్తుపట్టే భారాన్నంతా వ్యాపారి మీద మోపే వాదన ఇక్కడ కూలిపోతుంది.

తేలనివి

పెద్ద నష్టాలకు దక్కే వేగం చిన్న నష్టాలకు దక్కడం లేదు. 2025 మేలో ఢిల్లీలో మొదలైన ఈ-జీరో ఎఫ్‌ఐఆర్‌ను (ఫిర్యాదు దానంతటదే ఎఫ్‌ఐఆర్‌గా మారే ఏర్పాటు) మొదట పది లక్షలు దాటిన ఫిర్యాదులకే పెట్టారు. ఒక్కొక్కరి దగ్గర ఎనిమిది వేల చొప్పున వందమంది టీచర్లను ముంచిన ముఠా దోచుకున్నదీ ఎనిమిది లక్షలు. విడివిడి కేసులుగా చూస్తే ఏదీ ఏ హద్దూ దాటదు. ఫిర్యాదులను మొత్తాన్నిబట్టి కాక ఒకే నంబరు, ఒకే ఖాతా, ఒకే కథ అన్న పోలికనుబట్టి కట్టగట్టాలన్న వాదనకు నా ఓటు.

పుచ్చుకున్న బ్యాంకుకు వాటా పెట్టే బ్రిటిష్ నియమం మన దగ్గర పనిచేస్తుందా అన్నది రెండోది. రోజుకు కోట్ల లావాదేవీలు, చాలావరకు చిన్న మొత్తాలవి, దాదాపు అన్నీ ఉచితం. ఆ ఉచితంలోంచి పరిహారం ఎలా వస్తుందని బ్యాంకులు అడుగుతాయి. ఫీజు పెడితే మొదట భారం పడేది ఆ చిన్న కొట్టు మీదే.

మూడోది, మోసం గుర్తుపట్టి తప్పించుకున్నవాళ్ల సంగతి. ఆర్మీ ఆఫీసర్ ‘ఒక్క రూపాయి పంపండి’ అనగానే ఫోను పెట్టేసిన టీచరు చేతిలో ఒక నంబరు, ఒక క్యూఆర్, ఆ క్యూఆర్ వెనకున్న పేరు ఉంటాయి. డబ్బు పోకముందే దొరికిన సాక్ష్యం అది. టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’లో ఆ నంబరు చెప్పుకోవచ్చు. 2025 మే నుంచి టెలికాం శాఖ అనుమానం ఉన్న నంబర్లకు ప్రమాద స్థాయి గుర్తు వేసి బ్యాంకులకూ యాప్‌లకూ అందిస్తోంది. డబ్బు పంపబోయే క్షణాన ఆ గుర్తు చూసి యాప్ హెచ్చరించగలదు. మర్నాడు అదే నంబరు నుంచి ఇంకో ఊళ్లో వయొలిన్ నేర్పే టీచరుకు ఫోను వస్తుంది. ‘మా అబ్బాయికి ఖాళీ ఉందా మేడం?’ అని అవతలి గొంతు అడుగుతున్నప్పుడు, ఆమె ఫోను తెర మీద ఆ గుర్తు కనిపించదు.